యోహాను కోయని గెలలు

2004 మార్చి. అప్పట్లో నేను అమలాపురంలో హార్టికల్చర్ ఆఫీసర్‌ని. తోటల డాక్టర్ని అనుకోండి. కొబ్బరికి తెగులొచ్చినా, అరటి ఆకు పసుపెక్కినా రైతులు మా ఆఫీసు గుమ్మమే తొక్కేవారు. ఆ ఏడు కొబ్బరికి కాయల రసం పీల్చే నల్లి పురుగు బెడద ఎక్కువగా ఉండటంతో నాకు తీరిక లేదు. ఓపిక ఎప్పుడూ అంతంత మాత్రమే.

ఒకరోజు పొద్దున్నే సుబ్బలక్ష్మి గారు వచ్చారు. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక ఊళ్ళో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. అక్కడే కొబ్బరితోట ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోకుండానే విషయంలోకి దిగారు.

"మా చెట్లకి జబ్బేమీ లేదని కాయితం రాసివ్వండి."

"జబ్బు లేకపోతే కాయితం ఎందుకండి?"

"దింపు సగానికి పడిపోయింది. జబ్బు లేదని మీరు రాస్తే దొంగ ఉన్నట్టే కదండీ. అది పట్టుకుని స్టేషన్‌కి వెళ్తాను."

దింపు అంటే చెట్టెక్కి ముదిరిన గెలలు కోసి దించడం. రెండు నెలలకోసారి జరిగే పని. ఆవిడ తోటలో ఆ పని చేసేది యోహాను. చిన్నప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నాడట. "అప్పుడు కూడా నోట్లో నాలుక లేనట్టే ఉండేవాడండి" అన్నారు, అదో నేరం అన్నట్టు. అంతకు ముందు ఆదివారమే లూథరన్ చర్చి వదిలే వేళకి వెళ్ళి, కాయలు ఎక్కడ అమ్ముతున్నావని అందరి ముందూ నిలదీశారట. ఆ వారంలోనే మిగతా తోటలవాళ్ళు కూడా యోహానుని పిలవడం మానేశారు.

మర్నాడు తోట చూశాను. మానుకి గానోడెర్మా, అంటే మొదలు కుళ్ళి జిగురు కార్చే తెగులు, లేదు. చెట్టు తలలో చిగురు పుట్టే మువ్వ నిక్షేపంగా ఉంది. కాయల మీద నల్లి మచ్చలు ఉన్నాయి గానీ, సగం కాపు తినేసేటంత లేవు. ఉన్నదున్నట్టు రాస్తే 'జబ్బు లేదు' అనే రాయాలి. ఆ రెండు మాటలతో ఒక మనిషి స్టేషన్ మెట్లెక్కాలి. నిజం రాయడానికి చెయ్యి రాకపోవడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

పక్క తోట గెలలతో విరగ్గాసి ఉంది. ఆవిడ అనుమానానికి అదే బలం.

"వాళ్ళకి బోరు ఉందాండి?" అని అడిగాను.

"ఉంది. మాకెందుకూ? మా మావగారి రోజుల్నుంచీ వానా, కాలువే."

కాలితో నేల గీకి చూశాను. అంతా ఇసుక, నీళ్ళు పట్టి ఉంచదు. అప్పుడు వెలిగింది నాకు.

మా డెల్టా పంటలన్నీ గాలుల దయ మీద బతికేవే. జూన్ నుంచి నైరుతి గాలి వాన తెస్తుంది, అక్టోబరు దాటాక ఈశాన్య గాలి ఇంకొంత తెస్తుంది. వేసవిలో పొడి పడమటి గాలి వీస్తుంది. మరమ్మతుల కోసం కాలువలు కట్టేసేదీ అప్పుడే. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే చెట్టూ మనిషీ ఊపిరి పీల్చుకుంటాం. రెండేళ్ళ కిందట నైరుతి మొహం చాటేసింది. ఈశాన్యం తుంపరతో సరిపెట్టింది. ఆపై వేసవంతా పడమటి గాలి సముద్రపు గాలిని గడప తొక్కనివ్వలేదు. అలాంటి దెబ్బ తగిలితే వరి ఆ నెలలోనే ఎండుతుంది. కొబ్బరి అలా కాదు. దాని పూత బయటికి రాకముందే ఏడాదికి పైగా మువ్వలోపల బుడిపెలా పెరుగుతుంది. కరువుకి ఆ బుడిపె లోపలే మాడిపోతుంది. దాన్ని స్పేడిక్స్ అబార్షన్ అంటాం. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది. రాని గెల లెక్క రెండేళ్ళకి గానీ తేలదు.

ఇదంతా చెప్తే ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఎప్పటి ఎండకో ఇప్పుడు కాయ తగ్గిందంటే నమ్మమంటారా?"

"నన్ను నమ్మకండి. చెట్టుని అడుగుదాం. ప్రతి మట్ట మొదట్లో ఒక గెల రావాలి. కోసుంటే కత్తి గాటుతో మోడు మిగులుతుంది. అసలు పుట్టకపోతే మాడిన మొగ్గ ఉంటుంది. కింది వరస మట్టలు మొదలంటా కోయిస్తే చాలండి. యోహానుని పిలిపించండి."

"దొంగనే సాక్ష్యానికి ఎక్కిస్తారా!"

"గెల కోసినవాడు గాటుని మొగ్గగా మార్చలేడు కదండీ."

"సరే. ఏ చెట్టో నేను చెప్తాను" అన్నారు. ఎంతైనా పరీక్షలు పెట్టిన మనిషి.

యోహాను కత్తీ, తాడూ తీసుకుని వచ్చాడు. నలభై దాటిన మనిషి. నాకు మాత్రం "నమస్కారమండి" అని, ఆవిడ వేలు చూపించిన చెట్టెక్కాడు. మొదటి మట్ట పడగానే ఆవిడ వంగి చూశారు. కత్తి గాటు.

"ఇదిగో!"

"అది మీ దింపులో దిగిన గెలే అయ్యుంటుందండి. మిగతావి కూడా రానివ్వండి."

రెండో మట్టలో వేలెడంత మాడిన మొగ్గ. మూడో దాంట్లోనూ అంతే. నాలుగో దాంట్లో పూత వచ్చింది గానీ పిందెలన్నీ రాలిపోయి ఈనెలు మిగిలాయి. ఆవిడ ఇంకో చెట్టు చూపించారు, తర్వాత తోట ఆ చివర ఉన్నది చూపించారు. మట్టలన్నీ వరసగా పేర్చుకుని చూశారు. అన్నిట్లోనూ అదే కథ. ఒక మొగ్గని పీకి వేళ్ళ మధ్య నలిపితే పొడైపోయింది.

"ఒరేయ్ యోహానూ, వచ్చే దింపుకి వచ్చెయ్యి" అన్నారు చివరికి.

"రానండి."

"అదేంట్రా?"

"అందరి ముందూ అడిగారండి. ఇది మాత్రం తోటలో ముగ్గురం చూసుకుని ఊరుకుంటే ఎలాగండీ? నా పిల్లలు ఆ చర్చికే వెళ్ళాలి కదండీ."

నోట్లో నాలుక లేనివాడు అన్నది ఇతన్నేనా అనిపించింది. ఆ మాట విని నాకు ఎంతో హాయిగా ఉంది, దాచుకోవడం దేనికి.

ఆదివారం నాకు పనేం లేకపోయినా చర్చి దగ్గరికి వెళ్ళాను. ప్రార్థన అయ్యి జనం బయటికొచ్చే సరికి సుబ్బలక్ష్మి గారు గేటు దగ్గర మాడిన మొగ్గ పట్టుకుని నిలబడి ఉన్నారు. నైరుతి గాలి దగ్గర్నుంచి మొదలుపెట్టారు. పాఠం చెప్పడం తప్ప ఇంకోలా మాట్లాడటం ఆవిడకి రాదు. జనం ఎండలో నిలబడి విన్నారు. ఈశాన్య గాలి దాటి పడమటి గాలిలోకి వచ్చేసరికి యోహానే ముందుకొచ్చాడు.

"అసలు మాట చెప్పేయండి టీచరు గారూ. పిల్లలు ఆకలికి ఆగలేరండి."

ఆవిడ ఆగారు. "వీడు దొంగ కాదు. నేనన్నది తప్పు" అన్నారు.

ఆ తర్వాత ఎవరు సర్టిఫికెట్ అడిగినా, అది ఎవరి మీదికి వెళ్తుందో ముందు కనుక్కునేవాణ్ణి. మా తోటివాళ్ళు దాన్ని చాదస్తం అనేవారు.

సుబ్బలక్ష్మి గారు బోరు వేయించారు. వానలూ దారికొచ్చాయి. ఇంకో రెండేళ్ళకి అటు వెళ్తే తోట గెలలతో కళకళలాడుతోంది. ఆరోజు దింపు. యోహాను చెట్టు మీద ఉన్నాడు. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"లోపల కూర్చోవచ్చు కదండీ?" అన్నాను.

"నా కళ్ళ ముందైతేనే కోస్తానన్నాడు. నేను లేస్తే వాడు దిగిపోతాడండి" అన్నారు.