నిమ్మకాయల మీద స్పోర్ట్స్ కారు

1969 సెప్టెంబరు 17, బుధవారం, ఉదయం పదింపావు. హౌరా నుంచి వస్తున్న మా రైలు ఖరగ్‌పూర్ చేరకముందే సిగ్నల్ దగ్గర ఆగింది. అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన మా ఆయన ఒక పాత స్పోర్ట్స్ కారు కొని, ఏడాదిగా బాగుచేస్తున్నారు. అదే మా మొదటి కారు. దాని బ్రేకు సిలిండరు కలకత్తాలో రిపేరు చేయించి, ఒళ్లో పెట్టుకుని తెస్తున్నాను; అది లేనిదే బ్రేకు పడదు.

ఎదుటి సీటులో ఒక తెలుగు ముసలామె కూర్చుని ఉంది. "ఏటమ్మా అది, సంటిబిడ్డనాగ పట్టుకున్నావు?" అని అడిగింది.

చెప్పాను. "ఇయ్యాల విశ్వకర్మ పూజ కదా, ముహూర్తం దగ్గరికొచ్చేసింది. ఇది బిగించినాకే కారుకి పూజ సేస్తానన్నారు."

ఆమె నవ్వింది. "ముహూర్తం దాటిపోతాంటే మొగోళ్లు ఆగుతారేటి? నిమ్మకాయల మీంచి రెండడుగులే కదా అంటారు. మా ఇంటాయనా లారీ ఎక్కి అలాగే అన్నాడు."

ఆ తర్వాత ఆమె నవ్వలేదు. లేచి తలుపు తీసింది. నా చెయ్యి పట్టుకుని కంకర మీదికి దింపి, సిలిండరు అందించింది.

"పరిగెత్తు తల్లీ!"

నేను మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్ చేరేసరికి మా సందు నిండా జనం. అక్కడ నేల వాలుగా ఉంటుంది. నిమ్మకాయలు దాటిన కారు ఆగలేదట. జన్మంతా సైకిలు తొక్కిన మా ఆయన, కారు ఎత్తు తక్కువ కావడంతో, సైకిలు ఆపినట్టే తలుపులోంచి కాలు కింద పెట్టారు.

రైల్లోని ఆ ముసలామెను మళ్లీ చూడలేదు. ఇప్పటికీ ఎవరి బండి పూజకు పిలిచినా, ముందు బ్రేకు నొక్కి చూపించమంటాను. ఈ ముసలిదానికి చాదస్తం అని నన్ను అంటారు.

ఆ పూజతో పోయినవి మా ఆయన కుడి పాదం, ఫిట్టరు ఉద్యోగం, తుక్కు కింద అమ్మేసిన కారు.