పదికి రెండే నొప్పి

మా బాస్కెట్‌బాల్ టీము ఫిజియో రోజూ పొద్దున వార్మప్‌కు ముందు అందరినీ ఒకటే అడుగుతుంది. నొప్పి పదికి ఎంత? ఎవరెంత చెప్తే అంత పుస్తకంలో రాసుకుంటుంది. మూడు వారాల పాటు నేను రోజూ రెండు అని చెప్పాను. నిజానికి ఆరు. కొన్ని రోజులు ఏడు.

నాది చెన్నైలో ఒక ప్రభుత్వ డిపార్ట్‌మెంటు టీము. ఆటే మాకు ఉద్యోగం. నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. అఖిల భారత పోటీల్లో బాగా ఆడితే ఉద్యోగం ఖాయమని కోచ్ చెప్పాడు. ఆయన ఆ మాట చెప్పిన మూడో రోజే, ప్రాక్టీసులో బంతి కోసం ఎగిరి ఎడమకాలు ఒక్కదాని మీదే దిగాను. మోకాలు లోపలికి మడత పడింది. లోపల ఏదో టప్పుమంది. లేచి, నవ్వి, ఆడేశాను.

అప్పటి నుంచి నా బతుకంతా దాపరికమే. అందరికంటే అరగంట ముందే వెళ్లి, మోకాలికి టేపు చుట్టుకుని, పైన లెగ్గింగ్స్ వేసుకునేదాన్ని. మెట్లు దిగాల్సి వస్తే ఫోన్ వచ్చినట్టు ఆగిపోయి, అందరూ వెళ్లాక కమ్మీ పట్టుకుని దిగేదాన్ని. బల్ల మీద పడుకో, ఒకసారి చూస్తానని ఫిజియో అంటే, నాకేం, గుండ్రాయిలా ఉన్నానని తప్పించుకునేదాన్ని. పాపం ఆ పిల్ల, ఎగిరితే రెండు కాళ్ల మీద దిగండి, మోకాలు లోపలికి పోనివ్వకండి అని రోజూ గొంతు చించుకునేది. నేను అందరికంటే శ్రద్ధగా తల ఊపేదాన్ని.

ఎందుకు దాచానో చెప్తే నవ్వుతారు. మాది ఉదయగిరి వైపు, గొర్రెలు మేపే ఇల్లు. సాయంత్రం మంద తిరిగొచ్చే వేళకు నాయన దొడ్డి తడిక సగమే తీసి పక్కన నిలబడతాడు. గొర్రెలు ఒక్కొక్కటిగా దూరాలి. లెక్క కోసం కాదు, నడక చూడటానికి. ఏది కుంటుతోందో అక్కడ తెలిసిపోతుంది. కుంటేది సంతకు పోతుంది. చిన్నప్పటి నుంచి నాకు తెలిసింది అదే. కోచ్ కోర్టు గుమ్మంలో నిలబడ్డప్పుడల్లా నా నడక దానంతటదే చక్కబడేది.

పోటీలకు వారం ముందు మూడు రోజులు సెలవిస్తే ఇంటికొచ్చాను. బస్సు దిగి మిట్టెక్కి, మా ఇంటి వాలు దిగుతుంటే నాయన దొడ్డి దగ్గర నిలబడి చూశాడు. అన్నం తినేటప్పుడు అడిగాడు.

"ఎడం కాలు ఎప్పుడు చెడగొట్టుకున్నావు?"

"బాగానే ఉండాది నాయనా."

"ఎక్కేటప్పుడు బాగానే ఉండాది. దిగేటప్పుడు లేదు."

మర్నాడు పొద్దున్నే బండెక్కించి, ఆత్మకూరుకు ఇవతల ఒక ఊళ్లో కట్టు కట్టే సాయిబు ఇంటికి తీసుకెళ్లాడు. మా వైపు చెయ్యి విరిగినా కాలు బెణికినా ముందు ఆయన ఇంటికే పోతారు. వెదురు బద్దలు పెట్టి కట్టు వేస్తే పోటీలు పోయినట్టే. గట్టిగా లాగితే మోకాలే పోయినట్టు. చదువుకున్న ఫిజియో చేతికి ఇవ్వని మోకాలిని ఈయన చేతికి ఇవ్వబోతున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. అయినా లోపల ఒక ఆశ. నూనె రాసి, రెండు రోజుల్లో తగ్గిపోద్ది పొమ్మంటాడేమో!

సాయిబు నూనె గిన్నె పక్కన పెట్టుకుని, నా మోకాలు మడిపించి, పాదం కదలకుండా అదిమిపట్టాడు. మోకాలి కింద రెండు చేతులూ వేసి మెల్లగా ముందుకు లాగాడు. తర్వాత కుడికాలు కూడా అలాగే చూశాడు. మళ్లీ ఎడమది. అంతే, నూనె గిన్నె మీద మూత పెట్టేశాడు.

"ఎముకైతే నేను కడతా బేటీ. ఇది లోపల నరం. ఆ కాలు లాగితే ఆగతా ఉండాది, ఈ కాలు లాగితే వస్తా ఉండాది. నా కట్టుకు ఇది అతకదు. నెల్లూరు పోయి స్కానింగ్ తీయించు. అందాకా ఎగరబాక."

నాకు ఒళ్లు మండింది. ఆయన మీదా, తీసుకొచ్చిన నాయన మీదా, నా మోకాలి మీదా.

"ఎవురికీ చెప్పబాక నాయనా. ఇంక వారమే. ఆడేసి చూపించుకుంటా."

"ఆడేటప్పుడు కాలు పోతే?"

"చెప్తే ఉద్యోగం పోతాది. కుంటేదాన్ని నువ్వేం చేస్తావు? సంతకు తోలవా?"

సాయిబు తల దించుకున్నాడు. నేను ఎప్పుడూ నాయన మీద అట్లా అరిచింది లేదు.

"ముల్లు దిగిన రోజే నా కంట పడినదాన్ని ఎప్పుడన్నా అమ్మినానా? గిట్ట కోసి, మందేసి, ఇంటికాడ కట్టేసి మేపలా? నువ్వే గదా ఆకు తెచ్చి వేసేదానివి! మందతో పాటు నడిచీ నడిచీ, కాలు కుళ్లినాక కనపడినదాన్నే తోలినాను. అవి దాచుకుంటాయి పాపా, నోరు లేనివి. నీకేమొచ్చింది?"

నిజమే, నా చేత్తో ఎన్నిటికి మేత వేశానో. బాగుపడి మళ్లీ మందలో కలిసినవి ఒక్కటీ గుర్తు లేదు. పోయినవే గుర్తు పెట్టుకున్నాను.

ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని ఫిజియోకు ఫోన్ చేశాను.

"ఆరు," అన్నాను.

"ఏంటి ఆరు?"

"నొప్పి. మూడు వారాల నుంచీ."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఏ కాలు, వాపుందా, నడుస్తుంటే మోకాలు జారినట్టు అవుతోందా అని అడిగి, అన్నీ రాసుకుంది. పావుగంటకు కోచ్ ఫోన్ చేశాడు. "ఈ పోటీలకు నువ్వు లేవు. స్కాన్ తీయించుకుని రా," అని పెట్టేశాడు. ఉద్యోగం సంగతి ఆయన ఎత్తలేదు. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

"ఏమన్నారు?" అన్నాడు నాయన.

"తీసేసినారు," అని చెప్పి, ఇద్దరు పెద్దవాళ్ల ముందు సిగ్గు లేకుండా ఏడ్చాను.

లిగమెంటు సగం తెగిందని, ఇంకొక్కసారి అలా దిగి ఉంటే మిగతా సగమూ తెగి ఆట అక్కడితో సరి అని నెల్లూరు డాక్టరు చెప్పాడు. కానీ అది సాయంత్రం తెలిసిన సంగతి. అప్పటికి నాకు తెలిసిందల్లా నా చోటు పోయిందనే.

నాయన బండిని ఆత్మకూరులో తెలిసిన కొట్టు దగ్గర పెట్టాడు. బస్టాండులో నెల్లూరు బస్సు అవతలి చివర ఆగి ఉంది. అంత జనంలో ఎప్పుడైనా అయితే పళ్లు బిగించి చక్కగా నడిచేదాన్ని. ఇంక ఎవరి కోసం? కుంటుకుంటూ బయల్దేరాను. అందరూ చూశారు. నాయన నా అడుగుకు తగ్గట్టు తన అడుగు తగ్గించుకుని పక్కనే నడిచాడు. మూడు వారాల్లో అంత హాయిగా నేను ఒక్కరోజూ నడవలేదు.