తోక తెగిన మాట

ప్రత్తిపాడు సెంటర్లో మాలిక్ ఎవరని అడిగితే ఒక్కరికీ తెలియదు. రష్యా డాక్టరు అని అడగండి, బడికెళ్ళే పిల్లాడు కూడా అదుగో ఆ పరుపుల కొట్టు అని చెయ్యి చూపిస్తాడు. డాక్టరుకి పరుపుల కొట్లో పనేమిటని కొత్తవాళ్ళు నోరు తెరిస్తే పాతవాళ్ళు నవ్వేస్తారు. ఆ నవ్వు మాలిక్‌కి వినపడుతూనే ఉంటుంది. వినపడినా అతనికి ఏమీ అనిపించదు, అదే అతనితో వచ్చిన చిక్కు.

వాళ్ళది దూదేకుల కుటుంబం. తండ్రి మాబు సాహెబ్ మొదట వింటితో, తర్వాత మిషనుతో దూది ఏకి, చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళిళ్ళకి పరుపులు కుట్టినవాడు. కొడుకు మెడలో స్టెతస్కోపు చూడాలని ఆయన కోరిక. మాలిక్ రష్యా వెళ్ళి, వోల్గా ఒడ్డున ఒక ఊళ్ళో డాక్టరీ చదివి, పట్టా పట్టుకుని వచ్చాడు. వచ్చాక తెలిసింది, ఇక్కడ ఇంకో పరీక్ష గట్టెక్కితే తప్ప ఆ పట్టా గోడకి తగిలించుకోవడానికే. రాశాడు, తప్పాడు. మళ్ళీ రాస్తున్న రోజునే తండ్రి గుంటూరు ఆసుపత్రిలో పోయాడు. హాల్లోంచి బయటికొచ్చి ఫోన్ ఆన్ చేస్తే ఆ కబురుంది. ఆ పరీక్షా పోయింది. అప్పట్నుంచి మాలిక్‌కి ఏదీ అంటడం మానేసింది. వేళకి తింటాడు, పిలిస్తే పలుకుతాడు, ఎవరేమడిగినా "నాకంతా ఒకటేలే" అంటాడు. ఆ మాట వింటే తల్లి సర్దార్‌బీకి ఒళ్ళు మండిపోతుంది.

"అంతా ఒకటెట్టా అవుద్దిరా? ఉప్పూ పంచదారా ఒకటేనా?" అంటుందావిడ.

అతను దానికీ నవ్వి ఊరుకుంటాడు.

పొద్దున కొట్టు చూసుకుంటాడు. మధ్యాహ్నం బస్సెక్కి గుంటూరు వెళ్ళి, రష్యాలో డాక్టరీ చదవబోయే పిల్లలకి నాలుగు రష్యన్ మాటలు నేర్పుతాడు. చదివిన చదువు అక్కరకు రాలేదు గానీ, చదువుకోసం నేర్చిన భాష కూడు పెడుతోంది. రెంటికీ చెడ్డ రేవడి అంటారు, ఈ రేవడికి ఒక రేవన్నా మిగిలింది.

ఆ భాష కూడా అతనికి కాలేజీలో పంతుళ్ళు నేర్పలేదు. మీషా నేర్పాడు.

మీషా వాళ్ళ హాస్టల్లో కరెంటు పని చేసేవాడు. సాయంత్రమైతే గిటారు తీసుకుని స్నేహితులతో ఒక గ్యారేజీలో రాక్ పాటలు పాడేవాడు. రాక్ అంటే చెవులు చిల్లులు పడే మోతేనని మాలిక్ అనుకున్నాడు. మోత ఉంది, కాదనను. కానీ వాళ్ళకి మాట ముందు, వాయిద్యం తర్వాత. వంటింట్లో నలుగురు కూర్చుని టీ తాగుతూ వినే కవిత్వం అది. అందులో ఏముంటాయయ్యా అంటే మంచు, దీపం లేని కిటికీ, తప్పిపోయిన ఆఖరి రైలు, కింద వాకిట్లో ఎవరో దగ్గుతున్న చప్పుడు.

"ఇంతేనా?" అని అడిగాడు మాలిక్.

"మా ముందుతరం వాళ్ళు ఏలినవాళ్ళ గురించి పాడితే బతకనిచ్చేవాళ్ళు కాదు. అందుకని చలి గురించి పాడారు," అన్నాడు మీషా. "చలిగా ఉందంటే, అది ఏ చలో వినేవాడికి తెలుసు."

దీన్నే మన తెలుగు మాస్టార్లు అన్యాపదేశం అని పేరు పెట్టి, బెత్తం పుచ్చుకుని మరీ చెప్పారు. ఒక్కడికీ ఎక్కలేదు. మీషా ఒక గ్లాసు టీ పోసి ఎక్కించాడు.

మొదట్లో మాలిక్ ప్రతి రష్యన్ మాట చివరా ఒక ఉకారం తగిలించేవాడు. తెలుగు నోరు కదా, మాట హల్లు మీద ఆగితే మనకి ఊపిరాడదు. వాళ్ళ భాషలో 'తూత్' అంటే ఇక్కడ. మనవాడు 'తూతు' అనేవాడు. మీషా పడీపడీ నవ్వేవాడు. మా మాటల తోక విషయంలో జాగ్రత్తగా ఉండు, సంగతంతా అక్కడే ఉంటుంది అని చెప్పి, రోజూ పాడించి పాడించి ఆ ఉకారాన్ని వదలగొట్టాడు.

ప్రాస గురించి ఒకసారి మాటొచ్చింది. మా పద్యంలో ప్రాస పాదం మొదట్లోనే, రెండో అక్షరంలో ఉంటుందని మాలిక్ చెప్పాడు. మీషా ముచ్చటపడిపోయాడు. "మీరు రైలెక్కగానే టిక్కెట్టు చూపించేస్తారన్నమాట. మేం దిగేటప్పుడు చూపిస్తాం," అన్నాడు. వాళ్ళకి ప్రాస పాదం చివర పడుతుంది. కాకపోతే మీషాకి ఒక మొండి అలవాటుండేది. పాటంతా ప్రాస చక్కగా కుదిర్చి, ఆఖరి పాదంలో కావాలని చెడగొట్టేవాడు. వినేవాడి చెవి ఒక మాటకోసం కాచుకుని ఉంటుంది, తీరా అది రాదు, వేరే మాట వస్తుంది. ఆ తగిలే దెబ్బే పాట అనేవాడు. ఎన్ని పాటలు కట్టినా ఆ నియమం ఒక్కనాడూ తప్పలేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఇంగ్లీషులో 'నేను' అననిదే చలి కూడా వెయ్యదు. రష్యన్ అలా కాదు, అచ్చం మనలాగే నాకు చలి, నాకు దిగులు, నాకంతా ఒకటే అంటారు. మీషా పాటల్లో దీపం పెట్టి వెతికినా 'నేను' దొరకదు. అన్నీ మనిషికి జరుగుతుంటాయి, మనిషి మాత్రం ఏమీ చెయ్యడు. అదంతా కవి గడుసుతనం అనుకున్నాడప్పట్లో మాలిక్. తర్వాత తన బతుకే అలా అయిపోయింది.

మాలిక్ ఇండియా వచ్చేశాక అక్కడ యుద్ధం మొదలైంది. మీషాని సైన్యంలోకి పిలిచారు. పోయిన చలికాలం నుంచి మనిషి ఆచూకీ లేదు. జాడ తెలియలేదని ఇంటికి కాగితం వచ్చింది. కాలు పోగొట్టుకుని తిరిగొచ్చిన తోటివాడొకడు మాత్రం, మీషా పడిపోవడం కళ్ళారా చూశానని మీషా చెల్లెలు లేనాతో చెప్పాడు. లేనా నమ్మింది. తల్లి తమారా నమ్మలేదు.

ఈ సంగతి మాలిక్‌కి తెలిసింది మొన్న శుక్రవారం. కొట్లో ఒక దిండుకి దూది కూరుతుండగా లేనా ఫోన్ చేసింది. అంతా విని, "అలాగా" అన్నాడు.

"మాలిక్, నీవల్ల ఒక పని కావాలి," అంది లేనా. "వాడు ఆఖరిసారి అమ్మకి ఒక పాట పాడి పంపాడు. చివరి మాట మధ్యలో సిగ్నల్ తెగింది. అది వెర్నూతా, వెర్నూసా, నువ్వు చెప్పాలి."

ఆ రెండు మాటలకీ తేడా చివరి హల్లొక్కటే. వెర్నూత్ అంటే తెచ్చి అప్పజెపుతారు అని, ఎవరో మోసుకొచ్చి దించేస్తారని. వెర్నూస్ అంటే తిరిగొస్తాను అని.

"అమ్మ వెర్నూస్ అంటుంది," లేనా చెప్పుకుపోయింది. "వాడొస్తానన్నాడు కదా అని తలుపు గడియ పెట్టడం మానేసింది. తను నిద్రపోతే వాడు తలుపు కొట్టి వెనక్కి పోతాడేమోనని భయం. తలుపు పక్కనే కుర్చీలో కూర్చుంటుంది. ఒకసారి నిమోనియా వచ్చి బతికింది. మా ఇంటికి రమ్మంటే కదలదు. ఇంకో చలికాలం ఇలా కూర్చుంటే నాకు అమ్మ కూడా మిగలదు. వాడి పాటలు నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవని ఆవిడే అంటుంది. నువ్వు చెబితే నమ్ముతుంది. వెర్నూత్ అని చెప్పు."

"వినకుండానా?"

"విను. విన్నాక కూడా అదే చెప్పు."

పాట పంపింది. నాలుగే పాదాలు, గిటారు లేదు. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

నాకు చలిగా ఉంది, దీపం ఆరిపోయింది,
నాకు నిద్ర పట్టదు ఇక్కడ,
నాకు అంతా ఒకటే, రాత్రో పగలో,
ఇంటికి వెర్నూ...

గొంతు మీషాదే, కొంచెం జలుబు చేసినట్టుంది. మాలిక్‌కి ఏమీ అనిపించలేదు. అనిపించనందుకు బాధ కూడా కలగలేదు. వేళ్ళ మీద కూడికలు వేసుకునే పిల్లాడిలా పాదాలు లెక్కపెట్టుకున్నాడు. రెండో పాదం చివర 'తూత్' ఉంది, ఇక్కడ అని. దానికి ప్రాస కుదరాలంటే నాలుగోది 'వెర్నూత్' కావాలి. లేనా చెవి పట్టుకున్నది అదే. కానీ మీషా ఏనాడు ఆఖరి ప్రాస కుదరనిచ్చాడు గనక? కచ్చితంగా వెర్నూస్.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. మనం 'వస్తాను' అంటే నేను అని వేరే చెప్పక్కర్లేదు, చివరి 'ను'లోనే ఉంటుంది. వెర్నూస్ కూడా అంతే, దాని తోకలోనే 'నేను' ఉంది. పాడిన పాటలన్నిటిలోకీ మొదటిసారి మీషా నేను అనబోయాడు. సిగ్నల్ సరిగ్గా ఆ ముక్కనే కోసుకుపోయింది.

ఇప్పుడేం చెయ్యాలి? నిజం చెబితే ఆ తల్లి తలుపు దగ్గరే కూర్చుని ప్రాణం వదులుతుంది. అబద్ధమాడితే మీషా అనబోయిన ఒకే ఒక్క 'నేను'ని తన చేత్తో కొట్టేసినట్టవుతుంది. సర్దార్‌బీ ఎదురుగా కూర్చుని దిండు మూతి కుడుతోంది. "ఏందిరా, మొహం అట్టా ఉంది?" అని అడిగింది. చెప్పాడు. పాటా, తెగిన మాటా, తలుపు దగ్గర కూర్చున్న తల్లీ, అన్నీ చెప్పాడు.

ఆవిడ దారం పంటితో తెంపి, ఇంత రాద్ధాంతం దేనికన్నట్టు చూసింది.

"ఇందులో తేల్చేదేముందిరా? గడప దాటేవాడు ఎవడన్నా 'పోతా' అంటాడా? 'వస్తా' అనే అంటాడు. మీ నాన్న గుంటూరు పోతా ఆటో ఎక్కి ఏమన్నాడు? 'వస్తానే' అన్నాడు. 'మంచిది, వెళ్ళి రండి' అన్నా నేను. మళ్ళీ రాలా. నాకు అబద్ధం చెప్పిపోయాడనుకున్నానా? తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నానా?"

మాలిక్‌కి ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. తండ్రి ఆఖరి మాట ఏమిటని అతనెప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. చేతికంటిన దూది దులుపుకున్నాడు. తర్వాత ఫోన్ తీసి తమారాకే నేరుగా రష్యన్‌లో చెప్పి పంపాడు. ఆవిణ్ణి అతను త్యోత్య అని పిలుస్తాడు, అత్తో పిన్నో తేల్చని పిలుపు అది.

"త్యోత్యా, ఆ మాట వెర్నూస్. మీరే సరిగ్గా విన్నారు. మీషా చివరి ప్రాస ఎప్పుడూ కుదరనివ్వడు, మీకూ తెలుసు. కానీ ఒక మాట వినండి. మా ఊళ్ళో వెళ్ళిపోయేవాళ్ళు వెళ్తున్నానని చెప్పరు, వస్తాననే చెబుతారు. మా నాన్న కూడా అదే అని వెళ్ళాడు. తిరిగి రాలేదు. అది అబద్ధం కాదు. ఇంట్లోవాళ్ళ దగ్గర సెలవు తీసుకోవడం, అంతే."

చాలాసేపటికి జవాబొచ్చింది. ముసలి గొంతు, ఒకటే ప్రశ్న. "మరి ఇంట్లో ఉండేవాళ్ళు ఏమంటారు?"

మాలిక్ తన తల్లి అన్న ఆ రెండు మాటలూ విడమరిచి, నెమ్మదిగా పలికి పంపాడు.

ఆ తర్వాత రెండ్రోజులు చప్పుడు లేదు. ఆదివారం మధ్యాహ్నం కొట్లో తల్లీకొడుకులు అన్నం తిని లేస్తుండగా ఫోన్ మోగింది. లేనా రాసింది: అమ్మ బట్టలు సర్దుకుంది, సాయంత్రం మా ఇంటికి తీసుకెళ్తున్నాను. దానికింద తమారా గొంతు. మాలిక్ స్పీకర్లో పెట్టాడు.

"వెల్లి రా, మీషా," అంది ఆ గొంతు, ఒక్కో అక్షరం తడుముకుంటూ. ళ పలకలేదు పాపం. ఆ వెనక తలుపు గడియ పడిన చప్పుడు.

సర్దార్‌బీ ఫోన్ వంక చూసింది. "తెలుగేనా అది? ఎవరిదిరా ఆ గొంతు?"

"వాళ్ళమ్మది." మాలిక్ ఫోన్ పక్కన పెట్టాడు. "మీషా ఇంక రాడమ్మా," అన్నాడు. గిన్నెలు ఎత్తుతున్న తల్లి వంక చూసి, "నాన్న కూడా రాడు," అన్నాడు.

సర్దార్‌బీ చేతిలో గిన్నెలు కింద పెట్టింది. "ఆ మాట ఎప్పుడంటావా అని చూస్తన్నానురా ఇన్నేళ్ళ బట్టీ," అంది, కొడుకు తల దగ్గరికి లాక్కుని.