పెంట మీద పెట్టిన సింహం పిల్ల

ఆ ఎండాకాలం నాకు ఏడో నెల. అంతకుముందు పుట్టిన ఇద్దరూ పురిటి మంచం మీదే పోయారు. మూడో కాన్పయినా నిలవాలని మా అత్త నన్ను గడప దాటనిచ్చేది కాదు. నాకేమో కూర్చుంటే భయం, పడుకుంటే ఇంకా భయం. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ పెరట్లోకీ తిరుగుతూ ఉండేదాన్ని.

"ఒక్క తాన కూసోరాదె పోరీ!" అని అత్త కసిరేది.

సరిగ్గా అప్పుడే బీదర్ వైపు వెళ్లే సర్కస్ బండి ఒకటి ఇరుసు విరిగి, నారాయణఖేడ్‌లో మా పెరటి వెనక ఖాళీ జాగాలో ఆగిపోయింది. బండి మీద బోను, బోనులో ఆడసింహం. ఈని నాలుగు రోజులయిందట, ఒక్కటే పిల్ల. ఇంక జనం ఆగుతారా! జొన్న పేలాలు కొంగున కట్టుకుని మరీ వచ్చారు. నేనూ తక్కువదాన్ని కాదు, పెరటి గోడను వదిలితే ఒట్టు.

ఆ సింహం తన పిల్లను మెడ మీద తోలు పట్టి ఎత్తి, ఒక మూలకు తీసుకుపోయి పడుకోబెట్టేది. పాలిస్తుండగా ఎవడో దగ్గేవాడు. వెంటనే లేచి, పిల్లను కరుచుకుని ఇంకో మూలకు. అక్కడా కళ్లే. మళ్లీ మొదటి మూలకు. దాన్ని చూస్తూ నేనూ గోడ వెంట అటూ ఇటూ నడిచేదాన్ని.

"అడవిల అయితే పొదలల్ల దాస్తది అమ్మా. ఎవ్వరన్న పసిగడ్తరని జాగ మారుస్తనే ఉంటది," అన్నాడు దాన్ని సాకే ముసలాయన. "గీడ యాడ దాస్తది? పోయిన కాన్పుల గిట్లనే తిప్పి తిప్పి మూడు పిల్లలను సంపుకున్నది. దీని మెడ గూడ పుండయింది."

పిల్లలు నిలవని ఇల్లు ఎక్కడున్నా మా అత్తకే కబురొచ్చేది. మా వైపు మందు ఒకటే. పుట్టిన పిల్లను చాటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు. వేరే ఆడమనిషి దొరికిందని ఎత్తుకుంటుంది. తల్లి గుప్పెడు నూకలిచ్చి కొనుక్కుంటుంది. పెంట మీద దొరికిన పిల్ల మీద చావు కన్నెయ్యదని నమ్మకం. అత్త సింహానికీ అదే చెప్పింది. ముసలాయన పరేషాన్‌లో ఉన్నాడు కాబట్టి సరేనన్నాడు.

మాంసం చూపి తల్లిని అవతలి అరలోకి రప్పించి, నడుమ పలక దించాడు. అత్త పిల్లను పెంట మీద పెట్టింది. ఎత్తుకోవడానికి ఒక్కతీ ముందుకు రాలేదు. ఎవరూ ఆపేలోపు నేను వెళ్లి ఎత్తుకున్నాను. కళ్లు ఇంకా తెరవలేదు. వెచ్చగా ఉంది. మూతితో నా పైట వెతుకుతుంటే, పోయిన ఇద్దరూ గుర్తొచ్చారు. అత్త పుండుకు ఆముదం రాసి, ఒళ్లంతా పసుపు పూసి, తల్లి తరఫున తనే నా కొంగులో నూకలు పోసి కొని, పిల్లను ముసలాయనకు తిరిగిచ్చింది.

పలక ఎత్తగానే సింహం పరుగున వచ్చింది. వాసన చూసింది. పెదవులు ముడిచి వెనక్కి వెళ్లి, అవతలి మూలలో కూలబడింది. బండి ఆగినప్పటి నుంచీ అది నిలకడగా కూర్చోవడం అదే మొదలు. దాని తిరుగుడు కన్నా ఆ నిలకడకే నాకు భయమేసింది.

"తల్లికి వాసనే ఆనవాలు. గింత పసుపు, గింత ఆముదం... తన పిల్లని ఎట్ల ఎరుకైతది?" అని ముసలాయన తల పట్టుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఎత్తుకున్నది నేనే కదా, ఎవరి మీద మండాలో తెలియక జనం మీద మండిపడ్డాను. అంత కడుపుతో కట్టె పట్టుకుని అందరినీ తరిమేశాను. గొంగళ్లు తెచ్చి బోను చుట్టూ కప్పించాను. ముసలాయన్నీ పంపేశాను. నేనూ అత్తా గోడ చాటున మిగిలాం.

పిల్ల ఏడుస్తూనే ఉంది. నేను తిరుగుతూనే ఉన్నాను. పొద్దు వాలేసరికి ఆ గొంతు సన్నబడింది, తర్వాత ఆగిపోయింది. చచ్చిపోయిందనుకున్నాను. అత్త మొహం తిప్పుకుంది.

అప్పుడు గరగరమని చప్పుడు. గొంగడి సందులోంచి చూశాను. సింహం పిల్లను ముందుకాళ్ల మధ్య పెట్టుకుని నాకుతోంది. మెడ, వీపు, పొట్ట, పసుపంతా పోయి తన పిల్ల బయటపడేదాకా నాకింది. ఆ తర్వాత పక్కకు ఒరిగి పాలిచ్చింది. నేను అక్కడే కూలబడి గొంతెత్తి ఏడ్చాను. మూడో రోజు బండి వెళ్లిపోయింది.

రెండు నెలలకు నాకు పుట్టిన ఆడపిల్ల ఇప్పటికీ నాతో పోట్లాడుతూనే ఉంది. కానీ ఆనాడు అది బతుకుతుందని ఎవరికి తెలుసు? అత్త చాట పట్టుకుని మంచం దగ్గర నిలబడింది. ఇస్తే ఏమవుతుందో, ఇవ్వకపోతే ఏమవుతుందో. పిల్లను పొట్టకు అదుముకుని గోడ వైపు తిరిగాను.

"ఇస్తవా?" అంది. అంతవరకూ నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు.

"ఇయ్య అత్తా."

అత్త చాట కింద పెట్టింది. తర్వాత మంచం పట్టె మీద కూర్చుంది.

"నీ మొగడు పుట్టినప్పుడు నేను ఇచ్చిన," అంది. "మల్ల నా చేతికొచ్చే దాక నా పానం నా తాన లేకుండె. నువ్వు ఇయ్యకు బిడ్డా."