యువరాణి కోసం ఆగిన రైలు

సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో రైళ్లు ఆగడం ఎప్పుడో మానేశాయి. ఇప్పుడు పాత స్టేషన్‌ని చూడ్డానికే జనం వస్తారు, జెండా మామయ్య వాళ్లను తిప్పి చూపిస్తాడు. ఒకప్పుడు అక్కడే పచ్చజెండా ఊపిన మనిషి, రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక ఈ పనిలో చేరాడు. ఉప్పుగాలికి తుప్పుపట్టిన స్తంభాలు, టికెట్ల కిటికీ, చెక్క బెంచీ అన్నీ చూపిస్తాడు. చూపించి ఊరుకుంటే ఏ గొడవా లేదు. బెంచీ దగ్గరికి రాగానే ఆయనకు పూనకం వస్తుంది.

"ఇదిగో, ఈ బెంచీ మీదే ఒక యువరాణి కూర్చుంది. ఆమె కోసం రైలు కదలకుండా నిలబడిపోయింది!"

కోతలు కోయడంలో ఆయన్ని మించినవాడు లేడని ఊరంతా అంటుంది. ఎవరో పుణ్యాత్ములు ఆ మాట పైకి చేరవేశారు. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ ఒకరోజు సందర్శకుల్లో కలిసిపోయి, యువరాణి దాకా విని, అక్కడ పట్టుకుంది.

"ఏ రాజ్యం యువరాణండీ? ఆధారం చూపించండి. లేదంటే రేపటి నుంచి మీరు రానక్కర్లేదు."

ఆ ప్లాట్‌ఫారం లేకపోతే మామయ్యకు పొద్దు గడవదు. నిజం చెప్పేద్దామంటే అది కోతకన్నా అవమానం. సరిగ్గా అప్పుడే ఆయన భార్య, ఆయన ఇంట్లో మర్చిపోయిన కళ్లజోడు పట్టుకుని వచ్చింది.

"యువరాణా? ఎవరావిడ?" అంది నడుం మీద చెయ్యేసుకుని.

మామయ్య నేల చూపులు చూశాడు. "అదే... ఆ రోజు... ఎర్ర పెట్టె..."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి పకపకా నవ్వి, ఆఫీసరమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, అది నేనే! నా పెట్టె మూత ఊడి బట్టలన్నీ కిందపడితే ఈ బెంచీ మీద కూర్చుని సర్దుకుంటున్నా. ఈ మహానుభావుడు నోరు తెరుచుకుని నన్నే చూస్తూ జెండా ఊపడం మర్చిపోయాడు. రైలు అందుకే కదల్లేదు. డ్రైవరు తిట్టిన తిట్లు నాకింకా గుర్తే."

జనం గొల్లున నవ్వారు. ఆఫీసరమ్మకూ నవ్వు ఆగలేదు.

"అయితే రైలు నిలబడిన మాట నిజమే. మీ పని మీరు చేసుకోండి. కానీ యువరాణి అనకండి, ఎవరో అమ్మాయి అనండి చాలు."

మామయ్య కళ్లజోడు పెట్టుకుని భార్య వైపు చూశాడు. ఇన్నేళ్లుగా ఈయన ఊరూరి జనానికి చెబుతున్నది తన గురించేనన్న సంగతి ఆమెకు అప్పుడే పూర్తిగా తలకెక్కినట్టుంది. మొహం అటు తిప్పుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఆ ఒక్క మాట మార్చలేనమ్మా," అన్నాడు మామయ్య. "సాయంత్రం నేను ఇంటికెళ్లాలి కదా."