ధర్మవరం దాకా గులాబీ చుక్క

ఆ రోజుల్లో నాకు చావంటే పెద్ద భయం ఉండేది కాదు, పై చదువు మొదలయ్యేదాకా. హిందూపురం దగ్గర ఒక కాలేజీలో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేస్తూ, మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోకి మందును ఎట్లా పంపాలా అని తెగ చదివేదాన్ని. దానికో ఉపాయం ఉంది. వాటి లోపల ఋణావేశం ఉంటుంది కాబట్టి, కొవ్వులో కరిగే ధనావేశపు అణువుకు మందును కట్టి వదిలితే, అది కణం పొరలన్నీ దాటుకుని నేరుగా అక్కడికే పోయి కూర్చుంటుంది. పోయిందో లేదో చూడ్డానికి అదే గుణమున్న గులాబీ రంగు ఒకటి వాడేవాళ్లం.

మాదేమో ధర్మవరంలో పట్టుకు రంగులేసే ఇల్లు. రంగు ఎంత చిక్కగా కలిసిందో తెలియాలంటే ఎడమచెయ్యి వెనక ఒక చుక్క వేసుకుని చూడటం మా ఇంటి అలవాటు. ఆ శనివారం గ్లోవ్స్ తీసేసి అన్నీ సర్దుకుంటూ, పరధ్యానంలో ఆ గులాబీ రంగు చుక్క చేతిమీద వేసుకుని వెలుతురులో చూశాను. (రంగు బ్రహ్మాండంగా ఉంది.) అది ఎక్కడికి పోయి కూర్చుంటుందో అప్పుడు గుర్తొచ్చింది. సబ్బుతో ఎన్నిసార్లు రుద్దినా మచ్చ పోలేదు. మా ప్రాజెక్టు మేడం ఫోన్ ఎత్తలేదు. చచ్చేదేదో ఇంటిదగ్గరే చద్దామని రైలెక్కేశాను.

పెనుకొండ వచ్చేసరికి రంగు చర్మం దాటేసి ఉంటుందని లెక్కేసుకున్నాను. కొండ కనబడుతున్నంతసేపూ చెయ్యి కిటికీ వెలుతురులో పెట్టి చూసుకుంటూనే ఉన్నాను. ఎదురుగా కూర్చున్న అవ్వ "ఏమ్మే, ఒక్క చేతికే గోరింటాకు పెట్టుకున్యావు?" అంది. "గోరింటాకు కాదవ్వా, మందు" అన్నాను ఏడుపు గొంతుతో. ఆమె బొరుగుల పొట్లం నా వైపు చాపి, "తిను, ఉత్త కడుపుతో ఉంటే ఏ మందైనా తిప్పుతాది" అంది. ఇదే చివరి భోజనం అనుకుని సగం పొట్లం తినేశాను.

ఇంటికి పోయేసరికి మా నాయన చేతులు మోచేతుల దాకా రంగు తొట్టిలో ముంచి పట్టునూలు తిప్పుతున్నాడు. నా ఏడుపంతా విని, చెయ్యి తిప్పి చూసి, "బాగా పట్టిందే రంగు. యాడ కొంటారమ్మా దీన్ని?" అన్నాడు.

"నాయనా, నేను చచ్చిపోతాండా!"

"ఇంత చుక్కకా? నన్ను చూడు, నేనేమన్నా పోయినానా?"

నవ్వుతూ రెండు చేతులూ పైకెత్తాడు. గోళ్లు, వేళ్ల సందులు, మణికట్లు, అంతా గులాబీ. ఆ రంగు మా ల్యాబు రంగుకు దగ్గరి చుట్టమని పుస్తకంలో చదివినదాన్ని నేనే. ఈసారి భయం నా కోసం కాదు.

అప్పుడే మేడం తిరిగి ఫోన్ చేసి, సంగతంతా విని, "ఒక్క చుక్కకు ఏమీ కాదే పిచ్చిదానా, మచ్చ నాలుగు రోజుల్లో పోతుంది" అని నవ్వింది.

"రోజూ ముంచితే, మేడం?"

"రోజూ ఎవరమ్మా ముంచేది?"

నేను మా నాయన చేతుల వైపు చూసి ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు మా నాయనకు రబ్బరు గ్లోవ్స్ నేనే తెస్తాను. ("వీటితో చేతికేమీ తెలీదే" అని సణుగుతూ, నేను ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం తొడుక్కుంటాడు.) ఒక్క చుక్కకు రైలంతా ఏడ్చుకుంటూ పోయిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. పాపం, ఇరవై రెండేళ్లు ఆ చేతులు కలిపిపెట్టిన ముద్దలు తిని పెరిగి, వాటిని మొదటిసారి చూడ్డానికి పోతున్నానని దానికి తెలీదు.