కారు పుట్టింటికి వెళ్ళి విచారించాం

మా ఆవిడకు కుప్పంలో నర్సు ఉద్యోగం వచ్చింది. పుంగనూరు నుంచి బస్సులు మారుతూ వెళితే, ఆమె చేరేలోపు పేషెంట్లు నయమై ఇంటికెళ్ళి మనవళ్ళను ఎత్తుకునేవాళ్ళు. కారైనా కొనాలి, ఉద్యోగమైనా మానాలి.

మదనపల్లెలో పాత కార్లమ్మే ఆసామి ఫోనులో ఒక కారు రిపోర్టు చూపించాడు. ఒకే ఓనరు. యాక్సిడెంట్లు లేవు. ఇన్సూరెన్సు క్లెయిములు లేవు. అంత మచ్చలేని చరిత్ర మా వంశంలో ఏడు తరాలుగా ఎవరికీ లేదు. నేను చేతులెత్తి మొక్కబోయాను.

"జాతకం ఒకటి సూసి పిల్లనిచ్చేస్తామా ఏంది?" అంది మా ఆవిడ. "ఊర్లోకి పొయ్యి నలుగుర్ని అడగద్దా?"

ట్రయల్ అని చెప్పి, ఆర్సీలో పాత ఓనరు అడ్రసు చూసుకుని, కారును దాని పుట్టింటికి, చౌడేపల్లె దగ్గరి పల్లెకు తోలాం. బ్రేకు వేశానో లేదో, మేకపిల్లంత పొట్టి పుంగనూరు ఆవొకటి ఆంబోతులా పరిగెత్తుకొచ్చి, ఎక్కడానికి వెనక డోరు దగ్గర నిలబడింది.

"దూడప్పుట్నుంచి దాన్ని ఆస్పత్రికి దీంట్లోనే తీసకపోతాంటిమి," అని నవ్వుతూ వచ్చింది పాత ఓనరు భార్య. రిపోర్టులో ఈ ప్యాసింజరు ఊసే లేదు.

"యాడన్నా గుద్దినారా అమ్మా?" అడిగింది మా ఆవిడ.

"గుద్దకుండా ఉంటాడా మా ఆయప్ప! కల్వర్టుకు కొట్టినాడు. ముందరంతా సొట్ట. ఇన్సూరెన్సోళ్ళ సుట్టూ యాల తిరగాలని పుంగనూరు షెడ్డులో మేమే బాగు సేపిచ్చినాం."

రిపోర్టు అబద్ధమాడలేదు. దానికెవరూ చెప్పలేదు, అంతే. నా గుండె మాత్రం జారి క్లచ్చు మీద పడింది.

మా ఆవిడ ఆ షెడ్డుకే తోలమంది. మెకానిక్ కారును పైకెత్తితే కిందికి దూరి, టార్చి పట్టుకుని తానే చూసింది. కింద ఫ్రేము వంగలేదట. చక్రాల అలైన్‌మెంటు సరిచేస్తే చాలన్నాడు మెకానిక్.

"దెబ్బ దాసిపెట్టే పేషెంటుతోనే అప్పా నాకు భయం," అంది మా ఆవిడ నాతో, చేతులు తుడుచుకుంటూ. "దీని దెబ్బ తెలిసిపాయ. తీసుకుందాం."

సోమవారం పొద్దున ఆమె ఒక్కతే తోలుకుంటూ వెళ్ళింది. కుప్పం చేరి ఫోన్ చేసేవరకూ నేను తాగిన కాఫీకి పుంగనూరులో పాల కరువొచ్చింది.

"వచ్చేసినాప్పా. డ్యూటీకి ఇంగా టైముండాది, టిఫిన్ తింటాండా," అంది. "సాయంత్రం నువ్వు సీట్లు దులపాల. నా తెల్ల యూనిఫారం నిండా ఆవు బొచ్చే!"